పసుపెక్కని ప్లేటు

ఆయన మీద నా కసి ఇంకా చల్లారలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే నన్ను చూసి పాపం అనుకుంటారు.

హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం నాలుగో అంతస్తులో మా ల్యాబ్ ఉండేది. యజమాని చాలా ఏళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉండి, ఆ తర్వాత ఫ్యాక్టరీల మురికినీళ్లు శుద్ధి చేస్తానంటూ కంపెనీ పెట్టినాయన. సూక్ష్మజీవుల సంగతి తెలిసినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే.

బాలానగర్‌లో ఒక రంగుల ఫ్యాక్టరీ వెనక కాలువలోంచి మట్టి తెచ్చాను. అందులోని బ్యాక్టీరియాకు ఫినాల్ తప్ప వేరే తిండి పెట్టలేదు. ఫినాల్ విషం. ఆరు కార్బన్ పరమాణువులు గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడితే, ఆ పట్టు విడిపించడం మామూలు జీవుల వల్ల కాదు. ఇలాంటివాటిని పుస్తకాల్లో సుగంధ సమ్మేళనాలు అంటారు గానీ, ఇది పీలిస్తే తల దిమ్మెక్కుతుంది. ఆ వలయాన్ని తెంచే ఎంజైము ఉన్నవి బతికాయి, లేనివి చచ్చాయి. ఎనిమిది నెలలకు ఒక్క రకం మిగిలింది. దాన్ని ట్యూబుల్లో పోసి ఫ్రీజర్‌లో దాచాను, ఇలా పెంచి దాచుకున్నదాన్నే ల్యాబ్‌లో కల్చర్ అంటాం. ప్లేటులో పెరిగిన దాని మీద కాటికాల్ అనే ద్రావణం చల్లితే నిమిషంలో పండిన నిమ్మకాయ రంగు వచ్చేది. ఎంజైము పనిచేస్తోందనడానికి అదే రుజువు.

మొదటిసారి ఆ పసుపు చూసిన రోజు బోరబండలో రైలు దిగి ఇంటిదాకా నవ్వుకుంటూనే వెళ్లాను. “ఏంది బిడ్డా, ఒక్కదానివే గిట్ల నవ్వుతున్నవ్?” అని అమ్మ కంగారుపడింది.

తర్వాత పేటెంట్ దరఖాస్తు చూశాను. అందులో నా పేరు లేదు. వెళ్లి అడిగాను.

“మీది సపోర్ట్ వర్క్ కదండీ. ఐడియా కంపెనీది,” అన్నాడాయన, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

కూరలో కరివేపాకులా తీసిపారేశాడు. ఆ వారమే ఇద్దరు కొత్త కుర్ర ఇంజనీర్లు చేరారు, నాకు నోటీసు వచ్చింది. వెళ్లేముందు కేటీ ఇమ్మన్నాడు. పోయేవాళ్లు తమ పనంతా వచ్చినవాళ్లకు అప్పజెప్పడాన్ని ఈ ఆఫీసుల్లో అలా అంటారు. పన్నెండు పేజీలు రాసిచ్చాను.

“ఇదంతా ఎవరు చదువుతారండీ? ఒక్క పేజీ చాలు. ఫ్రీజర్‌లో కల్చర్ ఉంది కదా, కాపీ చేసుకుంటూ పోతే సరి. కోడ్ లాంటిదేగా!”

కోడ్ లాంటిది కాదు. మంచి తిండి దొరికిందా, ఇక ఈ బ్యాక్టీరియాది కడుపు నిండిన బేరమే. తరాలు గడిచేకొద్దీ ఆ ఎంజైము తయారుచేసే జన్యువులనే వదిలించుకుంటుంది. చూడటానికి మాత్రం అదే బ్యాక్టీరియా. నేను పన్నెండు పేజీలను ఒక్క పేజీ చేశాను. ప్రతిసారీ ఫినాల్ మీదే పెంచాలన్న వాక్యాన్ని అన్నిటికన్నా ముందు కొట్టేశాను. పొరపాటున కాదు, తెలిసే.

కొత్తవాళ్లు త్వరగా పెరగాలని దాన్ని బలమైన పోషక ద్రవంలో పెంచారు. రాత్రికి రాత్రే ఫ్లాస్కులు చిక్కబడేవి. ఆయన మురిసిపోయేవాడు. నేను పక్కనే నిలబడి చూస్తూ ఊరుకున్నాను.

నా ఆఖరి రోజునే పెట్టుబడిదారులు వచ్చారు. ఆయన స్వయంగా చేతి తొడుగులు వేసుకుని ప్లేటు మీద కాటికాల్ చల్లాడు. తెల్లగానే ఉంది. “రెండు నిమిషాలండీ,” అన్నాడు. పది నిమిషాలైనా తెలుపు తెలుపే. వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన నుదుటి మీద చెమట చూస్తుంటే నా గుండెలో డప్పులు మోగాయి. అంత సంతోషం నాకు ఆ పసుపు చూసిన రోజు కూడా కలగలేదు.

వాళ్లు వెళ్లిపోయాక ఆయన నావైపు తిరిగాడు.

“చెత్త కల్చరండీ ఇది! పోయేముందు ఆ ట్యూబులన్నీ ఆటోక్లేవ్‌లో పడేసి పోండి.”

ఆటోక్లేవ్ అంటే మా ల్యాబ్ ప్రెషర్ కుక్కర్, అందులో ఏదీ బతకదు. ఫ్రీజర్ అడుగున నా చేతిరాతతో ఒక డబ్బా ఉంది. అందులో నేను మొదట దాచిన ట్యూబులు, ఫినాల్ తప్ప మరేదీ రుచి చూడనివి. అవి మంచివని చెప్పాలంటే ఎందుకు మంచివో చెప్పాలి, కొట్టేసిన వాక్యం బయటపడుతుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. తర్వాత నా చేతులతోనే డబ్బా తీసి లోపల పెట్టి, మూత బిగించి, బటన్ నొక్కాను.

ఒక్క మాట అంటే అవి బతికేవి. ఆయనా బతికిపోయేవాడు. అందుకే అనలేదు.