పాడుబావి మీద బండ

పాకలో పద్నాలుగు ఆవులు. పందొమ్మిదేళ్ళుగా వాటి కింద శుభ్రం చేసే పని ఒక్క మనిషిదే. వీధిలో చిన్నాపెద్దా అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. పాక యజమాని పాలాయన, ఆమె వయసులో తనకన్నా చిన్నదే అయినా, అలాగే పిలిచేవాడు. పొద్దున్నే పేడ ఎత్తి, గొట్టంతో నేల కడిగి, ఆ కడుగునీళ్ళను కూడా బకెట్లకెత్తి పెరటి చివరి సిమెంటు గుంటలో పోసి రావాలి. గుంటదాకా ఎనభై అంగలు. ఆ లెక్క ఆమె నడుముకు బాగా తెలుసు.

రెండేళ్ళ కిందట ఆ నడుము పట్టేసింది. వంగితే లేవలేదు, లేస్తే వంగలేదు. చెబితే ఇంకొకరిని పెట్టుకుంటారేమోనని భయం. పాక వెనక, ఎప్పుడో ఎండిపోతే బండలు పరిచి మూసేసిన పాడుబావి ఒకటుంది. ఒకరోజు గడ్డపారతో ఓ బండను జానెడు పక్కకు జరిపింది. చీపురుతో తోస్తే చాలు, కడుగునీళ్ళు వాటంతటవే లోపలికి జారిపోయాయి. ఆ రోజునుంచి బకెట్లు మోయలేదు. గట్టి పేడ మాత్రం గుంటకే వెళ్ళేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

పోయినేడు వానలు పడ్డాక వీధిలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. వారంలో పదిహేనుమంది పడ్డారు. కుట్టుపని చేసే ఆవిడ కూతురు, ఆరేళ్ళ పిల్ల, నెత్తురు పడుతుంటే ఆసుపత్రిలో చేరింది. నీళ్ళ పరీక్షలు చేసే అమ్మాయి వచ్చి వీధిలోని చేతిపంపు నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయింది. మర్నాడొచ్చి, పేడలో, మలంలో ఉండే క్రిములు అందులో ఉన్నాయని చెప్పి పంపుకు గొలుసు కట్టించింది. ఆమె వెంట వచ్చినవాళ్ళు పాలాయన పెరట్లోని గుంట చూశారు, పగుళ్ళు లేవు. తప్పు మురుగుకాలువదేమోనని దాన్ని తవ్వడం మొదలుపెట్టారు.

క్రిముల మాట వినగానే పెద్దక్కకు తను జరిపిన బండ గుర్తొచ్చింది. పాడుబావికీ పంపుకీ మధ్య ఉన్నది ఒక గోడ, ఒక సందు. ఇంటికెళ్ళి చెల్లెలికి చెప్పింది. కూర తరుగుతున్న చెల్లెలు కత్తి కింద పెట్టి, కొరివితో తల గోక్కోవద్దంది. బండ మూసేసి ఊరుకుంటే నాలుగు వానలకు అదే కడుక్కుపోతుందనీ, ఉన్న పని కాస్తా పోతే ఇద్దరూ గాలి భోంచెయ్యాల్సిందేననీ అంది. పెద్దక్క వెళ్ళి బండ మూసేసింది కూడా. రెండు రోజులు మళ్ళీ బకెట్లు మోసింది.

మూడోరోజు కుట్టుపని ఆవిడ ఇంటిముందునుంచి వస్తుంటే మిషను చప్పుడు లేదు. తలుపుకు తాళం. తల్లీపిల్లా ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. పెద్దక్క అటునుంచి అటే, పంపు దగ్గర సీసాలు సర్దుకుంటున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

"కాలువలు తవ్వించకమ్మా. అది నా చేతి పనే," అంది.

పాక వెనక్కి తీసుకెళ్ళి బండ జరిపి చూపించింది. అమ్మాయి వంగి చూసి, ఎంత లోతో, ఎన్నాళ్ళనుంచి పోస్తోందో అడిగి రాసుకుంది.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టావంటూ పాలాయన భార్య నానా మాటలూ అంది. పాలాయన ఆ బండ మీద కూలబడ్డాడు. "నడుము నొప్పని ఒక్క మాట చెప్తే తోపుడుబండి కొనిచ్చేవాణ్ణి కదా, పెద్దక్కా," అన్నాడు. అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది.

పని పోలేదు. బావిలో బురద తోడడానికి తొమ్మిది రోజులు పట్టింది. పైనుంచి తాడు లాగినవాళ్ళలో, తిట్టుకుంటూనే, చెల్లెలూ ఉంది. తర్వాత బావిని బంకమట్టితో పూడ్చి, పంపులో మందు కలిపారు. అయినా నీళ్ళు పరీక్షలో రెండుసార్లు తప్పాయి. అయిదు నెలలు వీధంతా పక్క వీధినుంచి నీళ్ళు మోసుకుంది. ఎదురుపడినప్పుడు కొందరు బిందె దించి మరీ పెద్దక్కను తిట్టేవారు. ఆమె నిలబడి విని వెళ్ళేది.

పిల్ల ఆసుపత్రిలో చేరిన పన్నెండో రోజున, చిక్కి సగమై, ఇంటికొచ్చింది. పెద్దక్క చూడ్డానికి వెళ్తే కుట్టుపని ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.

"నువ్వు చెప్పకపోతే ఇంకెంతమంది పడేవాళ్ళో, అది ఒప్పుకుంటా. కానీ నిన్ను చూస్తే నాకు ఆ ఆసుపత్రి మంచమే గుర్తొస్తుంది. కొన్నాళ్ళు రాకు," అంది.

పెద్దక్క సరేనంది. అది జరిగి ఏడాది దాటింది. ఇప్పటికీ ఆ గడప తొక్కలేదు.