పేరు చెప్పని పసరు

డబ్బా ముందువైపు పెద్ద పెద్ద పచ్చ అక్షరాలు: ‘శుద్ధమైన మూలికలు, దుష్ఫలితాలు లేవు.’ పక్కనే ఒక ఆకు బొమ్మ, దాని మీద మెరిసే నీటిబొట్టు. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది. అందరిలాగే నేనూ ముందువైపు చదివి కొన్నాను. వెనకవైపు చదవాల్సిన అవసరం వస్తుందని అప్పుడు నాకు తట్టలేదు.

నాకు తాగుడు అలవాటు లేదు. ఈ సంగతి మొదటే చెప్పేయడం మంచిది. ఎందుకంటే మందమర్రిలో ఒక మగవాడికి లివర్ బాగాలేదని తెలిస్తే ఇంకెవరూ రెండో ప్రశ్న అడగరు. బొగ్గుబావి ఆఫీసులో నా పక్క కుర్చీలో పనిచేసేవాడు నా భుజం తట్టి, “ఇగ బంజేయి అన్నా, తాగినకాడికి చాలు” అన్నాడు. ఏ దావత్‌కు పోయినా కూల్‌డ్రింకు గ్లాసు పట్టుకుని మూలకు నిలబడే నన్ను ఎన్నేళ్ళుగానో చూస్తున్నవాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. నిజానికి నా జబ్బుకు కారణం చాలా సాదాసీదాది. అన్నం ఎక్కువ, నడక తక్కువ, దానికితోడు కొంచెం షుగరు. కాలేయానికి కొవ్వు పట్టింది, రక్తపరీక్షలో అంకెలు కొంచెం ఎక్కువున్నాయి, బరువు తగ్గమని ఊళ్ళో డాక్టరు చెప్పి పంపించాడు. బరువు తగ్గడం కంటే గోలీ మింగడం సులువు కదా. అదే సాయంత్రం మెడికల్ షాపులో ఆ పచ్చ డబ్బా కొన్నాను.

ఇంట్లో మేం ముగ్గురం ఉంటాం: నేను, నా భార్య, నన్ను కన్న మా అవ్వ. అవ్వకు ఇంగ్లిషు ముక్క రాదు కానీ లివర్ అనే మాట మాత్రం తెలుసు. బాపు కామెర్లతో పోయినప్పుడు ఆస్పత్రిలో ఆమె చెవిన పడ్డ మాట అది. నా నోట అదే మాట వినగానే ఆమె ముఖంలో రంగు పోయింది. మర్నాడు తెల్లారకముందే లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా కాలనీ దాటి ఎటో వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పటికి కొంగులో నలిపిన ఆకుముద్ద ఉంది. దాన్ని రోట్లో మిరియాలతో నూరి, గుడ్డలో వేసి పిండి, ఇత్తడి గ్లాసులో పోసి నా ముందు పెట్టింది.

“పరిగడుపున తాగు. మొఖం గిట్ల పెట్టకు.”

“ఏం ఆకవ్వా ఇది?”

“అడుగొద్దు. పేరు చెప్తే పసరు పనిజెయ్యదు.”

ఇది మా దిక్కు పాత కట్టుబాటు. పసరు పోసేవాళ్ళు ఆకు పేరు చెప్పరు, తాగేవాళ్ళు అడగరు. చెట్టు దగ్గరికి పోయేటప్పుడు పలకరించినా పలకరు. నేను డిగ్రీ చదివినవాణ్ణి, అయినా మారుమాట్లాడకుండా గుటకేశాను. నాలుక కొసనుంచి కడుపు దాకా చేదు. తాగగానే అవ్వ నా కింది రెప్పను బొటనవేలితో కిందికి గుంజి కంటి తెల్లగుడ్డు చూసింది. పచ్చ తిరిగిందేమోనని ఆమె భయం. “మంచిగనే ఉన్నది” అని తనలో తాను అనుకుంది. ఆ తర్వాత రోజూ పొద్దున ఇదే వరస. పసరు, రెప్ప గుంజడం, “మంచిగనే ఉన్నది.” అది అయ్యాక నేను చాయ్ తాగి, పచ్చ డబ్బాలోంచి ఒక గోలీ తీసి మింగి ఆఫీసుకు పోయేవాణ్ణి. రెండు వైపుల నుంచీ కాపలా పెట్టుకున్నానని ధైర్యంగా ఉండేది.

మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే అంకెలు తగ్గకపోగా బాగా పెరిగాయి.

ఆ కాగితం చూసిన క్షణం నుంచి నాకు అన్నం సహించలేదు. అద్దం ముందు నిలబడి కళ్ళు పెద్దవి చేసుకుని చూసుకోవడం, ట్యూబులైటు కింద ఒకసారి, వాకిట్లో ఎండకు ఒకసారి. పచ్చగా ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. మూత్రం రంగు కూడా చూసుకునేవాణ్ణి. బాపు ఆఖరి రోజుల్లో దుప్పటి మీద పడుకున్న తీరు గుర్తొచ్చేది. అప్పుడు బాపు వయసు ఇప్పటి నా వయసే. నాకు భయమేసింది. బాగా భయమేసింది.

లివర్ డాక్టరును చూడాలని కరీంనగర్ వెళ్ళాం. చిన్న వయసు డాక్టరమ్మ. రిపోర్టులు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివింది.

“ఇంకేమన్న మందులు వాడుతున్నారా?”

“షుగర్ గోలీ తప్ప ఏం లేదు మేడం.”

నేను అబద్ధం చెప్పలేదు. నా లెక్కలో డబ్బాలోవి మూలికలు, గ్లాసులోది అవ్వ పోసే పసరు. రెండింట్లో ఏదీ మందు కాదు. పక్కన కూర్చున్న నా భార్య మాత్రం ఊరుకోలేదు.

“ఏం లేదంటవేంది? పొద్దుగాల లేస్తే పసరు, చాయ్ తాగంగనే డబ్బల గోలీ. మేడం, ఈయన కడుపుల పెద్ద అడివే ఉన్నది.”

డాక్టరమ్మ నవ్వలేదు. కలం కింద పెట్టింది. “చూడండి, మీరు మింగేది ఏదైనా సరే, అందుల ఏమున్నదో నాకు తెల్వాలె. ఆకైనా సరే, దాన్ని లివరే చూసుకోవాలె. కొందరికి కొన్ని పడవు, లివర్ వాస్తది. ఒకటే ఆకు గోలీల ఉండి, పసర్ల కూడా ఉంటే ఇంకా ఎక్కువ పోయినట్టు. ఇయ్యాల్టి నుంచి రెండూ బంద్ చేయండి. డబ్బా మీద ఏం రాసున్నదో ఫొటో పంపండి. పసర్ల ఏమున్నదో కనుక్కుని చెప్పండి. అంకెలు ఇంకా పెరిగితే మాత్రం అడ్మిట్ కావాల్సి వస్తది.”

“పసరు పేరు మా అవ్వ చెప్పదు మేడం.”

“చెప్పించండి. తెలిస్తే కారణం పట్టుకుంటం. లేకుంటే ఇంకేమన్న జబ్బేమోనని వెతుక్కుంట పోవాలె.”

తిరుగు బస్సులో నా చెవుల్లో అడ్మిట్ అనే మాట ఒక్కటే మోగుతూ వచ్చింది. బాపును కూడా అట్లాగే అడ్మిట్ చేశారు.

ఇంటికి వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. పసరు ఆపమన్నదనగానే ఆమె తల వంచుకుంది. ఆకు పేరు చెప్పమనగానే తల ఎత్తింది.

“చెప్ప.”

“చెప్పకుంటే వైద్యం ఎట్ల చేస్తది అవ్వా?”

“చెప్తే నువ్వుండవురా.”

నేనూ నా భార్యా బిత్తరపోయాం. కనీసం ఒక్క కొమ్మ తెచ్చి చూపించమన్నాను. చూపించినా చెప్పినట్టేనట. ఆమె కొంగు కొస మడతలు పెట్టింది. తర్వాత, నేను ఇన్నేళ్ళలో ఎన్నడూ వినని మాట చెప్పింది.

“మీ బాపుకు పసరు పోస్తున్నప్పుడు పక్క క్వార్టరామె వచ్చింది. ఆమె బిడ్డకు కండ్లు పచ్చగైనయి. నా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. నాకు పానం ఆగలే. పేరు చెప్పిన. గా పిల్ల బతికింది. మీ బాపు బతుకలే.”

ఆమెకు చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. బాపును ఆస్పత్రికి తీసుకుపోయేనాటికే జబ్బు ముదిరిందని పెద్దవాళ్ళంతా అనుకోగా విన్నాను. పేరు పలికితే మనిషి పోడని ఎవరికైనా చెప్పగలను. కానీ ఆ ముఖం చూశాక ఆమె చెయ్యి మాత్రం పట్టుకున్నాను. ఇన్నేళ్ళు తనే చంపుకున్నానని ఆమె అనుకుంటూ ఉంది. మాకెవరికీ ఆ సంగతి తెలియదు. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం నేనూ నా భార్యా చాప మీద కూర్చుని డబ్బా వెనకవైపు ఫోన్‌తో ఫొటో తీసి, వేళ్ళతో పెద్దది చేసి చదవడం మొదలుపెట్టాం. ఒక్కో గోలీలో ఏముందో వరసగా రాసి ఉంది. పేర్లన్నీ నోరు తిరగని లాటిన్ పేర్లు. పక్కన మిల్లీగ్రాములు. కొన్నింటికి పౌడర్ అని, కొన్నింటికి ఎక్స్‌ట్రాక్ట్ అని ఉంది. పౌడరంటే ఎండబెట్టి దంచిన ఆకు, ఎక్స్‌ట్రాక్టంటే బోలెడు ఆకులోంచి దిగదీసిన సారం అని ఫోన్‌లో చూసి తెలుసుకున్నాం. అంటే మిల్లీగ్రాములు తక్కువ కనిపించినంత మాత్రాన తక్కువ మింగినట్టు కాదు. అన్నిటికంటే కింద, ‘వైద్యుని సలహా మేరకు వాడవలెను’ అని ఉంది. నాకు ఆ సలహా ఇచ్చిన వైద్యుణ్ణి నేనే.

“అత్తమ్మా, జర ఇటు రా” అని నా భార్య పిలిచింది. “నువ్వేం చెప్పకు. ఆయన డబ్బ మీదున్నది సదువుతడు. నువ్వు ఊకె వింటూ కూసో.”

అవ్వ అనుమానంగా చూసింది. అయినా వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఒక్కో లాటిన్ పేరు ఫోన్‌లో కొట్టి, దాని తెలుగు పేరు పైకి చదివాను.

“ఫిల్లాంతస్ నిరూరి. నేల ఉసిరి.”

“కాదు” అంది వెంటనే. కాదంటే చెప్పినట్టు కాదని తనకు తనే తీర్పు ఇచ్చుకున్నట్టుంది.

“ఎక్లిప్టా ఆల్బా. గుంటగలగర.”

“కాదు. గది తలకు పెడుతరు.”

“ఆండ్రోగ్రాఫిస్. నేలవేము.”

“కాదు.”

ఏ ఆకూ కలవకపోతే డాక్టరమ్మ ఇంకో జబ్బు వెతుకుతుంది. కలిస్తే, ఇన్నాళ్ళు అవ్వ తన చేత్తో నాకు పోసింది ఏమిటో ఆమెకు తెలుస్తుంది. ఏది కావాలని కోరుకోవాలో నాకు తెలియలేదు.

“బోర్‌హావియా. గలిజేరు.”

“కాదు. గది కూర ఒండుకుంటరు గదరా.”

“టినోస్పోరా కార్డిఫోలియా, ఎక్స్‌ట్రాక్ట్. తిప్పతీగ.”

అవ్వ మాట్లాడలేదు.

కరోనా నాడు కాలనీలో ప్రతి గోడ మీదా పాకించుకున్న తీగే అది. ఫోన్‌లో దాని ఫొటో కూడా వచ్చింది. గుండె ఆకారం ఆకులు. నేను మళ్ళీ ఒకసారి చదివాను, ఈసారి మెల్లగా. అవ్వ వేళ్ళు కొంగును నలుపుతున్నాయి, పొద్దున పొద్దున ఆకును నలిపినట్టే. ఆమె నా వైపు చూడలేదు. నా భార్య నా చేతిలోంచి డబ్బా తీసేసుకుంది.

“ఇగ చాలు. సదువుడు బంజేయి” అంది.

ఫొటో పంపి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. తిప్పతీగ కొందరి లివర్‌ను ఇబ్బంది పెడుతుందని తెలిసిన సంగతేనని, నా విషయంలో ఇదే కారణమని ఇప్పుడే చెప్పలేనని, ఆపి చూస్తేనే తేలుతుందని చెప్పింది. ఆ తీగ తాగి ఏమీ కానివాళ్ళు ఎంతోమంది ఉంటారనీ అంది. ఆ చివరి మాట మాత్రమే అవ్వకు చెప్పాను. ఆమె విన్నట్టు లేదు.

అప్పటినుంచి అవ్వ పొద్దున లేచి వాకిట్లో ఊరికే కూర్చునేది. నా కింది రెప్ప గుంజి చూడడం మానేసింది. నేను ఎదురుగా పోతే తల పక్కకు తిప్పుకునేది. నా కళ్ళలోకి చూడడానికి ఆమెకు భయం. ఆ పేరు ఇంట్లో పైకి వినబడింది కదా. ఎవరి నోట వినబడినా ఒకటేనేమో అని ఆమె పరేషాన్. నా పరేషాన్ నాకుంది. రెండూ మానేసిన కొన్ని వారాలకు, రిపోర్టు కోసం రక్తం ఇచ్చి వచ్చిన రోజు మేమిద్దరం చెరో మూల కూర్చున్నాం. నా భార్య ఇద్దరికీ అన్నాలు వడ్డించి, “మీ తల్లీకొడుకుల ఫికర్‌తోటి నా బీపీ పెరిగేటట్టున్నది” అని కసిరింది.

అంకెలు తగ్గాయి. పూర్తిగా కాదు కానీ బాగానే తగ్గాయి. కరీంనగర్ నుంచి వచ్చేసరికి అవ్వ గేటు దగ్గరే నిలబడి ఉంది. “తగ్గిందట అవ్వా” అన్నాను. ఆమె నా ముఖం వైపు చూడకుండా, చొక్కా గుండీ వైపు చూస్తూ అడిగింది:

“నేనైతే పేరు చెప్పలే గద బిడ్డా?”

“లే అవ్వా. నువ్వు చెప్పలే. డబ్బా చెప్పింది.”

అప్పుడామె బొటనవేలితో నా కింది రెప్పను కిందికి గుంజి, కంట్లోకి చాలాసేపు చూసింది.