సన్నటి శబ్దాలు

ఆయన్ని అందరూ నిదానం అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. గిటార్ ఇచ్చి "ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగిన ప్రతివాళ్ళకీ "నిదానంగా రండి" అని చెప్పీ చెప్పీ ఆ మాటే పేరై కూర్చుంది. ఇంకొకరైతే ఉడుక్కునేవారు. ఈయన ఫోన్ ఎత్తి తనే "నిదానం మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టాడు.

నాలుగంతస్తుల భవనం అడుగున, పదమూడు మెట్లు దిగితే ఆయన పనిగది. పైకప్పుకి ఆనుకుని ఒకే కిటికీ. అందులోంచి వీధిలో నడిచేవాళ్ళ కాళ్ళు మోకాళ్ళ దాకా కనిపిస్తాయి, మొహాలు కనపడవు. ముప్ఫై నాలుగేళ్ళుగా అక్కడే పాత ఎలక్ట్రిక్ గిటార్లు బాగుచేస్తున్నాడు. పాతదాన్ని కొత్తదానిలా తయారుచెయ్యడం ఆయన లెక్కలో నేరం. ఎవరైనా "రంగు వెలిసిపోయిందండీ, కొత్త రంగు కొట్టండి" అంటే, "మీ తాతగారి మొహం ముడతలు పడిందని సున్నం కొట్టిస్తారా?" అనేవాడు. ఆ మాటకి లేచి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. వెళ్ళనీ అనుకునేవాడు. ఒక మర మార్చినా సరే, పాత మరని కాగితం కవర్లో పెట్టి, తేదీ రాసి, గిటార్ పెట్టెలోనే పెట్టి ఇచ్చేవాడు. వస్తువు వాళ్ళది, ముక్క నాదెలా అవుతుంది అనేవాడు.

భార్య పోయి ఎనిమిదేళ్ళయింది. పనిగది వెనకాలే మంచం, స్టవ్వు, రెండు కుర్చీలు. రెండో కుర్చీ మీద ఉతికిన బట్టలు ఉంటాయి. వచ్చేవాళ్ళు రెండుసార్లే వస్తారు, ఒకసారి గిటార్ ఇవ్వడానికి, ఒకసారి తీసుకెళ్ళడానికి. మధ్యలో వారాల తరబడి ఆయనకి మాటలతో పని పడదు. అందుకని వస్తువులతో దెబ్బలాడటం నేర్చుకున్నాడు. గోడ గడియారం టిక్కుటిక్కుమనడం మానేసింది, ముళ్ళు మాత్రం తిరుగుతున్నాయి, నాసిరకం సరుకు. కిటికీలో పిచ్చుకలు నోరు తెరుస్తాయి గానీ కూయవు, ఎదురుగా కొత్త భవనం లేచాక వాటికి బెంగ పట్టుకుంది. నెలకోసారి ఫోన్ చేసే చెల్లెలితో "మీ ఊళ్ళో ఫోన్లు బాగోవే, నీ మాట ముద్దముద్దగా వస్తోంది" అనేవాడు. సరేలే అన్నయ్యా, అని ఆవిడ పెట్టేసేది.

ఒకరోజు పొద్దున్నే ఒకావిడ గిటార్ పెట్టెని రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగింది. అరవై దాటి ఉంటాయి. ఏదో ఆసుపత్రిలో రికార్డుల గుమస్తాగా చేసి రిటైరయ్యానని చెప్పింది.

"మా అక్కదండీ. హోటల్లో వాయించేది, ముప్ఫై ఏళ్ళు. పోయి ఏడాదైంది. మంచం కింద పెట్టేశాను. మొన్న తీసి మోగిస్తే ఒకటే గరగర."

నిదానం పెట్టె తెరిచి, చాలాసేపు చెయ్యి వెయ్యకుండా చూశాడు. ముంజేయి ఆనే చోట రంగంతా అరిగి, అరచేయంత మేర కర్ర బయటపడింది. మెడ వెనక బొటనవేలు నడిచిన దారి నున్నగా మెరుస్తోంది. ఒక మూల సిగరెట్టు కాలిన మచ్చ ఉంది.

"సిగరెట్టు అక్కగారిదేనా?"

"డ్రమ్ముల ఆయనది. దానికి ఆయనతో ఆరునెలలు మాట్లాడలేదు అక్క."

"మచ్చ ఉండనిస్తాను."

"మచ్చలు ఉన్నా పోయినా నాకు పట్టింపు లేదండీ," అంది ఆవిడ. "మోత మాత్రం అదే ఉండాలి. మేమిద్దరం పెళ్ళిళ్ళు చేసుకోలేదు, ఒకే ఇంట్లో ఉన్నాం. అక్క మితభాషి. నాతో రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. కానీ హోటల్నించి రాగానే అరగంట ఇది వాయించేది. పక్కగదిలో పడుకుని వినేదాన్ని. అక్క గొంతంటే నాకు ఇదే. ఇంకేం మిగల్లేదు."

"మీరు వాయిస్తారా?"

"ఒక్క పాట నేర్పింది. నా చేతులు చూసి విసుగొచ్చి వదిలేసింది."

నిదానం నవ్వాడు, ఆవిడా నవ్వింది. ఎవరితోనైనా కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. "నిదానంగా రండి," అన్నాడు.

మూడు వారాలు దాని మీదే కూర్చున్నాడు. తుప్పుపట్టిన తీగల బిరడాలు విప్పి ఒక్కొక్కటీ నూనెతో తుడిచాడు. మెడ మీది లోహపు పట్టీలు తీగల ఒరిపిడికి గాట్లు పడి ఉంటే, మార్చకుండా, ఎంత అవసరమో అంతే అరగదీశాడు. అరిగిన కర్రకి మైనం కూడా పుయ్యలేదు. ఆ అక్క చెమట ఇంకిన చోటు అది. మెత్తటి గుడ్డతో ఒక్కసారి దుమ్ము దులిపి ఊరుకున్నాడు.

తర్వాత తీగలు బిగించి, ఆంప్లిఫయర్‌కి తగిలించి మోగించాడు. మోత దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. బిగువు లేదు, పదును లేదు. పాపం, లోపలి భాగాలు ముసలివైపోయాయి అనుకున్నాడు. నాబుల కింద ఉండి మోతని పెంచీ తగ్గించే పాట్‌లు తీసేసి, పదును ఎక్కువ పలికించే కొత్తవి వేశాడు. పక్కనున్న చిన్న కెపాసిటర్‌నీ మార్చాడు. తీగల కదలికని పట్టే పికప్‌లని మరలు తిప్పి పైకి లేపాడు. ఇప్పుడు కాస్త ప్రాణం వచ్చింది. తీసినవన్నీ కవర్లో పెట్టి తేదీ రాశాడు. గిటార్ ఒంటి మీద ఒక్క గీత పోనివ్వని మనిషి, గొంతు మార్చేశాడు. ఆ సంగతి ఆయనకి తెలీదు.

ఆవిడ వచ్చింది. కుర్చీ మీది బట్టలు మంచం మీదకి చేర్చి కూర్చోబెట్టాడు. అరిగిన చోట ముంజేయి ఆనించి, నాలుక కొస బయటపెట్టి, ఆవిడ ఆ ఒక్క పాటా మొదలుపెట్టింది. నాలుగు స్వరాలు దాటకుండానే ఆగిపోయింది.

"ఏం చేశారండీ దీన్ని?"

"బాగాలేదా?"

"పళ్ళు జివ్వుమంటున్నాయి. ఇది అక్కది కాదు." తీగల మీంచి చెయ్యి తీసేసింది. అంతలోనే మొహం చిట్లించి రెండు చెవులూ మూసుకుంది. "అబ్బా! ముందు అది ఆపండి!"

"ఏది?"

"ఆ కీచుమనేది! ఆపండి బాబూ!"

నిదానం ఆంప్లిఫయర్ వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. గదిలో ఏ శబ్దమూ లేదు. నడుం వంచి స్పీకర్‌కి చెవి ఆనించాడు. అప్పుడూ ఏమీ లేదు. పికప్‌లు బాగా పైకి లేపి ఆంప్లిఫయర్ పక్కనే కూర్చుంటే అది కూత పెడుతుంది, ఈ పనిలో ఓనమాలు నేర్చినవాడికైనా తెలుసు. స్విచ్ నొక్కాడు. ఆవిడ చెవుల మీంచి చేతులు తీసింది.

కోపంతో వచ్చిన ఎరుపు ఆవిడ మొహంలోంచి మెల్లగా పోయింది.

"మీకు వినబడలేదా?"

"లేదండీ."

"ఎన్నాళ్ళనించి?"

"ఏమో."

"ఇంట్లో ఎవరూ చెప్పలేదా?"

"ఇంట్లో ఎవరున్నారండీ," అన్నాడు నిదానం. భార్య ఉంటే రెండో రోజే "ఏం, చెవుడా?" అని అరిచేది. తను ఎదురు అరిచేవాడు. మూడో రోజు లాక్కెళ్ళి డాక్టరు ముందు కూర్చోబెట్టేది. ఎనిమిదేళ్ళుగా ఆయన్ని ఆ మాట అనే మనిషి లేదు. అది తలుచుకుంటే చెవి పోయినదానికన్నా ఎక్కువ బాధ కలిగింది.

కవరు చింపి పాత భాగాలు బల్ల మీద పోశాడు. "ఇవి పోలేదు. గరగర వచ్చింది దుమ్ము వల్లే. తుడిచి మళ్ళీ వేస్తాను. కానీ సరిగ్గా వచ్చిందో లేదో మీరే చెప్పాలి. కూర్చుంటారా?"

ఆవిడ కూర్చుంది. రెండు గంటలు పట్టింది. ఒక మనిషి చూస్తుండగా పనిచేసి చాలాకాలమైంది. టంకం పెట్టాక ఆవిడ వాయించింది, ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకుని వంగి నిలబడ్డాడు.

"ఇంకొంచెం దించండి. ఇంకా. ఆ... ఆపండి, ఆపండి."

ఆవిడ కళ్ళు మూసుకుని పాట తప్పులతోనే చివరిదాకా వాయించింది. బుగ్గల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. నిదానం చెవికి మాత్రం అది మళ్ళీ దుప్పటి కప్పుకున్న మోతే. ఆవిడకి వాళ్ళ అక్క దొరికింది, ఆయనకి అందులో ఒక్క స్వరం దక్కలేదు. అయినా తల ఊపాడు.

వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగింది. "ఇదివరకటివాళ్ళు ఎవరూ ఏమీ అనలేదా?"

"నా చేతిలో బాగుపడిన గిటార్ మళ్ళీ వెనక్కి రాలేదండీ. ఒక్కటి కూడా..." అంటూ ఆగిపోయాడు.

ఆవిడ జాగ్రత్తగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నిదానం పని పుస్తకం తీశాడు. గడిచిన మూడేళ్ళలో "మోత మందంగా ఉంది, పాట్‌లు మార్చాను" అని తన రాతే పన్నెండు చోట్ల కనిపించింది. మొదటి నంబరు లెక్కల మాస్టారిది. ఫోన్ కలిపి చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"నిదానం మాట్లాడుతున్నా. గిటార్ ఎలా ఉంది మాస్టారూ?"

"బ్రహ్మాండమండీ!"

"నిజం చెప్పండి. కీచుగా ఉందా?"

"ఇంటికి తెచ్చిన రోజే తెలిసిందండీ. మా ఆవిడ గదిలోంచి పొమ్మంది. చెబుదామని రెండుసార్లు మీ మెట్ల దాకా వచ్చాను. పెద్దవారు, ఒక్కరే ఉంటారు, అంత శ్రద్ధగా చేసిచ్చారు. ఏం చెబుతాంలే అని వెనక్కి తిరిగాను."

"తీసుకురండి. పాతవి పెట్టెలోనే ఉన్నాయి, వేసిస్తాను."

"వేరేచోట వేయించేశానండీ. రెండేళ్ళు దాటింది. ఏమీ అనుకోకండి."

"అనుకోవడానికేముంది." నిదానం కిటికీ వైపు చూశాడు. ఎవరివో చెప్పులు అటునించి ఇటు దాటిపోయాయి. "మెట్ల దాకా వచ్చారుగా మాస్టారూ. గిటార్ సంగతి చెప్పకపోతే మానె, లోపలికి వచ్చి కూర్చుని పోవాల్సింది."

మాస్టారు ఏదో అన్నారు. మాటలు ముద్దముద్దగా వచ్చాయి. ఇదివరకైతే ఊఁ కొట్టి పెట్టేసేవాడు.

"నాకు చెవులు సరిగ్గా వినబడవు మాస్టారూ," అన్నాడు నిదానం. "ఇప్పుడేమన్నారో, ఇంకోసారి చెప్పండి."