తుపాకీగా దాటిన కుట్టుమిషన్

హసింతా వల్దేనెబ్రో జీవితంలో ఒక్కసారే ప్రభుత్వ కాగితం మీద సంతకం పెట్టింది. ఆ కాగితంలో ఉన్నది పచ్చి అబద్ధం. ఆ సంగతి రాసి ముద్ర కొట్టినవాడికి తెలుసు, పెట్టె మోసినవాడికి తెలుసు, దాన్ని స్వాధీనం చేసుకున్నవాడికీ తెలుసు. ముగ్గురిలో సిగ్గుపడినవాడు మోసినవాడొక్కడే.

మా పాసో బ్లాంకోలో వీధికి ఇవతల మెక్సికో, అవతల అమెరికా. హసింతా ఇవతలి మనిషి. పెళ్ళిగౌన్లు, పిల్లలు చర్చిలో మొదటి ప్రసాదం తీసుకునే రోజు తొడిగే తెల్లగౌన్లు కుట్టేది. ఇరవై ఏళ్ళుగా చేతికుట్టే. నలభై మూడో ఏట సూదిలో దారం ఎక్కించాలంటే వాకిట్లోకి వచ్చి ఎండకేసి నిలబడవలసి వచ్చేది. ఇక మిషనే దిక్కని నిర్ణయించుకుంది. అంతకు ముందు ఏడాది ప్రభుత్వ సైన్యానికీ తిరుగుబాటుదార్లకూ స్టేషన్ దగ్గర జరిగిన కాల్పుల్లో ఒక గుండు వంటింటి గోడలోంచి వచ్చి ఆమె భర్తను చంపింది. ఏ పక్షం గుండో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. అతని గుర్రపు జీను, రెండు ఆవులు అమ్మి, చికాగో నుంచి రైల్లో కుట్టుమిషన్ తెప్పించింది.

అది 1913 అక్టోబరులో వచ్చింది. వచ్చి అవతలి గూడ్స్ షెడ్డులో ఆగిపోయింది.

అప్పటికి ఏడాదిన్నరగా అమెరికా వాళ్ళు మా దేశానికి ఆయుధాలు పంపకూడదని నిషేధం పెట్టారు. సరిహద్దుకు వచ్చే ప్రతి గూడ్స్ పెట్టెనూ తనిఖీ చేసేవారు. ఆ వేసవిలో కుట్టుమిషన్లని రాసి ఉన్న పదకొండు పెట్టెల్లో తుపాకులు దొరికాయి. ఆ రోజు నుంచి కుట్టుమిషన్ అన్న పేరుతో ఏది వచ్చినా అనుమానిత సరుకే.

హమాలీ ఫెర్మీన్ సరిహద్దుకు రెండు పక్కలా పనిచేసేవాడు. పెట్టె ఒక చివర పట్టుకుని లేపి చూశాడు, రెండో చివరా లేపాడు. తర్వాత గూడ్స్ గుమస్తా విట్కమ్ దగ్గరికి వెళ్ళాడు.

"దొరా, తుపాకుల పెట్టె అయితే రెండు వైపులా ఒకటే బరువుంటుంది. ఇది ఒక పక్కకే ఒరుగుతోంది. మిషన్ తలకాయ అటుంది. నా మాట నమ్ము."

"నీ భుజం చెప్పే సాక్ష్యం ప్రభుత్వానికి చెల్లదు."

"పోనీ తెరిచి చూడరాదూ? మేకులు నేను పీకుతాగా."

"తెరిచే అధికారం పై ఇన్‌స్పెక్టరుది. ఆయన రావాలి."

ఆయన రాలేదు. హసింతా ప్రతి సోమవారం వీధి దాటి వెళ్ళేది. షెడ్డులో కుళ్ళిన ఉల్లిపాయల కంపు. విట్కమ్ ఆమె పెట్టె మీదే కూర్చుని పంది మాంసం, రొట్టె తినేవాడు. తిన్నాక వేళ్ళు ఆ చెక్కకే తుడిచేవాడు. ఫిబ్రవరి నాటికి ఆ పక్క చెక్క నల్లగా జిడ్డు పట్టి మెరిసేది.

ఇంత కాపలాలోనూ మా ఊరికి తూటాలు ఒక్క రోజు ఆగలేదు. గడ్డిమోపుల్లో వచ్చాయి, పిండి పీపాల్లో వచ్చాయి, ఆడవాళ్ళ లంగాల కింద వచ్చాయి. అవతలి ఇనుప సామాన్ల కొట్టువాడు పట్టపగలు తూకం వేసి అమ్మాడు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో అతనూ విట్కమూ పక్కపక్కనే కూర్చునేవారు. ఆగిందల్లా ఒక్క కుట్టుమిషన్.

1914 ఫిబ్రవరిలో నిషేధం ఎత్తేశారు. మర్నాటి నుంచే తుపాకుల పెట్టెలు బండ్ల కొద్దీ, పైన పేరు అచ్చేసుకుని మరీ, దర్జాగా దాటాయి. హసింతా షెడ్డుకు పరిగెత్తింది.

"ఇప్పుడైనా ఇస్తారా నా మిషను?"

విట్కమ్ ఉత్తర్వు తీసి వేలు పెట్టి చదివాడు. "తుపాకులు పోవచ్చని ఉంది. తుపాకులేమోనని ఆపిన సరుకు గురించి ఇందులో ఏమీ లేదు. దానికి వేరే ఉత్తర్వు రావాలి."

"అంటే?"

"అంటే ఇందులో తుపాకులే ఉంటే ఇవాళే పంపేస్తా. కుట్టుమిషన్ ఉంటే మాత్రం ఆగాల్సిందే."

ఫెర్మీన్ పకపకా నవ్వాడు. హసింతా నవ్వలేదు.

"నీ బుర్ర కూడా పెట్టెలో పెట్టి మేకులు కొట్టారా దొరా?"

విట్కమ్‌కు కోపం రాలేదు. ఒక కాగితం రాసి, ముద్ర కొట్టి ఆమె ముందుకు తోశాడు. "రైఫిళ్ళు, ఒక పెట్టె. ఇక్కడ సంతకం పెట్టు. తీసుకుపో."

"వద్దక్కా," అన్నాడు ఫెర్మీన్. "అబద్ధపు కాగితం. రేపేదన్నా అయితే నీ మెడకే చుట్టుకుంటుంది."

"నాలుగు నెలలు నిజం చెప్పానురా. ఏం పీకింది?" అని సంతకం పెట్టేసింది.

పెట్టె వీధి దాటింది. అయితే రైఫిళ్ళని రాసి ఉన్న ప్రతి పెట్టెనూ ఇవతల తిరుగుబాటు సైన్యం స్వాధీనం చేసుకునేది. సరంజామా చూసే కెప్టెన్ బెల్త్రాన్ మేకులు ఊడదీయించాడు. లోపల మిషన్ చూసి, కాగితం చూసి, మళ్ళీ మిషన్ చూశాడు.

"అమ్మా, కాగితం ప్రకారం ఇవి రైఫిళ్ళు. రైఫిళ్ళు సైన్యానివి."

"కళ్ళు దొబ్బాయా నీకు? దీంతో ఎవర్ని కాలుస్తావు నాయనా?"

"ఈ సంతకం నీదేనా?"

"నాదే."

"మరి నన్ను తిడతావేం?"

ప్రజల కోసం యుద్ధం చేస్తున్నామని ఈ కెప్టెనే చౌకులో గంటసేపు ఉపన్యాసం ఇచ్చిన మనిషి. మిషన్ను సైనిక బస వరండాలో పెట్టించి, తూటాల బెల్టులు కుట్టడానికి హసింతానే రమ్మన్నాడు. కూలి లేదు, పూటకు బీన్సు, రెండు రొట్టెలు. ఆమె వెళ్ళింది. వెళ్ళకపోతే ఇంకెవరో దానిమీద కూర్చుంటారు, మోటు కాన్వాసు తోసి సూదులు విరగ్గొడతారు, రోజూ నూనె వేయరు. సొంత మిషన్‌కు కూలిమనిషిగా తొమ్మిది వారాలు కుట్టింది. ఏ గుండుకైతే ఆమె ఇల్లు కూలిందో అలాంటి గుండ్లకు ఆమె చేతే గూళ్ళు కుట్టించారు. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు బూడిద వేసి తోముకునేది.

ఏప్రిల్లో సైన్యం దక్షిణానికి బయల్దేరింది. మిషన్ను రైలెక్కిస్తుంటే బెల్త్రాన్ అన్నాడు: "నువ్వూ రా. చాలామంది ఆడవాళ్ళు వస్తున్నారు. అది ఎక్కడుంటే నీకు అక్కడ పని."

హసింతా మిషన్ ఎక్కుతున్న గూడ్స్ బోగీ వైపు చూసింది. ఫెర్మీన్ బరువు వైపు తనే పట్టుకున్నాడు, విసిరేయకుండా మెల్లగా లోపల దించాడు.

"దానికి నూనె వెయ్యి, రోజుకోసారి," అంది కెప్టెన్‌తో. "ఇంకో ఆడదాని మొగుడ్ని చంపడానికి నేను రాను." ప్లాట్‌ఫారం మీద ఉమ్మేసి ఇంటికి వచ్చింది.

మే నెలలో విట్కమ్ భార్య తెల్ల సిల్కు మూటతో వీధి దాటి వచ్చింది. కూతురి గౌనట. అమెరికా వైపు ఎవరూ హసింతాలాగా కుట్టలేరని పొగిడింది. రెండింతలు ఇస్తానంది. ఆ నెల హసింతా ఇంట్లో పొయ్యి రోజూ వెలిగింది లేదు.

ఆమె సిల్కు వేళ్ళమధ్య నలిపి చూసింది. మంచి గుడ్డ. మూట కట్టి తిరిగి ఇచ్చేసింది.

"నా దగ్గర కుట్టుమిషన్ లేదమ్మా. వచ్చినవి రైఫిళ్ళట. మీ ఆయన్నే అడుగు, ముద్ర కొట్టింది ఆయనేగా."