దీనమ్మ చెప్పిన వ్యాకరణం

పక్క వీధిలో రాయి కొట్టే ఉలి చప్పుడు పొద్దుటి నుంచీ టంగుటంగుమని మోగుతూనే ఉంది. మేస్త్రీలు ఎండలో చెమటలు కక్కుతున్నారు. ఆ ఇంటి యజమాని మాత్రం నీడన కుర్చీ వేసుకుని, దారిన పోయే ప్రతివాడికీ "ఇల్లు కడుతున్నాను" అని చెప్పుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏం కడుతున్నావయ్యా, నీ చేతికి ఇంత మట్టయినా అంటిందా? ఎనభై దాటినదాన్ని, ఇరుగుపొరుగుతో తగువెందుకని ఊరుకున్నాను గానీ, దీనమ్మ అయితే ఊరుకునేది కాదు.

నేను మెదక్‌లో తెలుగు టీచరుగా చేరిన కొత్తలో, అరవైల్లో, హైదరాబాదు నుంచి ఒక ప్రైవేటు కంపెనీ టూరిస్టు బస్సు శనివారం శనివారం వచ్చేది. అందులో వచ్చినవాళ్లకు చర్చి, ఖిల్లా చూపించే గైడు దీనమ్మ. అరవై ఏళ్ల మనిషి, చదువు లేదు, గొంతు మాత్రం కంచు. చర్చి లేచేటప్పుడు ఆమె తండ్రి అక్కడ రాళ్లు చెక్కాడు, పిల్లగా తను ఇసుక మోసింది. నేను మొదటిసారి మా ఆరో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు, మమ్మల్ని మెట్ల దగ్గరే ఆపి "గిది ఎవరు కట్టిండ్రు?" అని అడిగింది. పిల్లలు నా వైపు చూశారు. "తెల్లదొరగారు కట్టారు" అని నేనే అందించాను. అంతే, విరుచుకుపడింది.

"దొర కట్టలే టీచరమ్మా, కట్టిచ్చిండు. కట్టింది మా నాయినసొంటోళ్లు. ఇగో, గీ రాయి ముట్టి చూడుండ్రి."

పిల్లల ముందు తల కొట్టేసినట్టయింది. "ఒక్క అక్షరం తేడాకి ఇంత గొడవా?" అన్నాను.

"ఒక్క అక్షరమే. గా అక్షరంలనే మా నాయిన ఉన్నడు. నువ్వు తీసేస్తే యాడికి పోతడు?"

ప్రేరణార్థక క్రియ అని బోర్డు మీద రాసి, బెత్తం పట్టుకుని మరీ బట్టీ పట్టించేదాన్ని నేను. దాని వెనక మనుషులుంటారని నాకెవరూ చెప్పలేదు. ముందు కోపం వచ్చింది, ఆ పైన సిగ్గేసింది. అప్పటి నుంచి శనివారం బడి అవగానే ఆమె వెంట తిరిగాను. ఖిల్లా ఎక్కేటప్పుడూ అదే వరస. "రాజు కట్టిండా? రాజుకు తాపీ పట్టుడు ఒస్తదా?" అంటే జనం పడీ పడీ నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

రెండేళ్లకు బస్సు కంపెనీ మేనేజరు నా దగ్గరికి వచ్చాడు. గైడు నోటికొచ్చినట్టు చెబుతోందట, చక్కటి తెలుగులో రాసిస్తే నా పేరుతో అచ్చు వేస్తాడట, ఇకమీద దీనమ్మ అదే చెప్పాలట. అచ్చులో నా పేరు! పొంగిపోయాను. "కట్టించారు" అనే రాశాను. ఆయన ముఖం చిట్లించాడు. "'కట్టారు' అనండి టీచరుగారూ, వినడానికి నిండుగా ఉంటుంది." కలం తీసి దిద్దాను. ఆ చెయ్యి పడిపోనూ!

అచ్చయిన కాగితాన్ని దీనమ్మకు నేనే చదివి వినిపించాను. మళ్లీ చదవమంది. విని, "మేనేజర్‌కైతె తెల్వకపాయె. నీకు తెల్సు గదా" అంది.

ఆ శనివారం దీనమ్మ ఎప్పటిలాగే చెప్పింది. మేనేజరు అందరి ముందూ అరిచాడు. "కాగితంలో ఉన్నది చెప్పు. లేదంటే వచ్చే వారం నుంచి రాకు."

"మా నాయినను నా నోటితోనే తీసెయ్యమంటవా? నేను చెప్ప." నా వైపు తిరిగింది. "టీచరమ్మా, నువ్వన్న చెప్పు, ఏది సరైందో."

బస్సెడు జనం నన్ను చూశారు. తెలుగు చెప్పి బతికేదాన్ని, తెలుగులో ఒక్క మాట చెప్పలేక కొంగు సర్దుకుంటూ నిలబడ్డాను. ఆమె చెప్పులు తొడుక్కుని మెట్లు దిగి వెళ్లిపోయింది. మళ్లీ ఆ పనికి రాలేదు.

వారం తర్వాత వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "నన్ను తిట్టండి దీనమ్మా" అన్నాను. ఆమె గింజలు తీస్తూనే ఉంది. ఉండబట్టలేక, "నాది తప్పు కాదు, ఆయన నాచేత రాయించాడు" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "రాపిచ్చిండు. మంచిగ చెప్పినవ్, అక్షరం పోలే. మరి రాసిందెవరు?"

లేచి వచ్చేశాను. ఇంకొకరు చేయించారని అనబోయిన ప్రతిసారీ ఆ ప్రశ్న నాకు అడ్డు తగులుతుంది. అప్పుడు చెప్పలేని జవాబు, ఆమె వినడానికి లేని ఈనాడు చెబుతున్నాను. నేనే దీనమ్మా. నేనే రాశాను.