మనసుల గోడౌన్‌లో జయచంద్ర సారు కునుకు

ఎదుటివాళ్లు మాట్లాడడం మొదలుపెడితే చాలు, ప్రొఫెసర్ జయచంద్రగారికి నిద్ర ముంచుకొచ్చేది. సెమినార్ అయినా, పెళ్లిచూపులైనా, సంతాపసభ అయినా ఆయనకు తేడా లేదు. మొదటి వాక్యానికి కళ్లు మూతపడేవి. రెండో వాక్యానికి తల భుజం మీదికి ఒరిగేది. మూడో వాక్యం ఎవరికీ వినపడేది కాదు, అందరూ ఆయన్ని చూసి నవ్వుకుంటూ ఉండేవాళ్లు.

ఈ నిద్రమనిషే లైబ్రేరియన్ వనజాక్షమ్మతో కలిసి శింగనమల దారిలో మనోవిజ్ఞాన చరిత్రకు ఒక ఆర్కైవ్ పెట్టారు. పాతకాలపు ప్రయోగాల యంత్రాలు, ఎప్పుడో పోయిన ప్రొఫెసర్ల ఉత్తరాలు, కాలేజీలు చెత్తలో వేయబోయిన కాగితాలు, అన్నీ అక్కడికి చేరాయి. అంతకుముందు అది శెనక్కాయల గోడౌన్. వానలు ఎగ్గొట్టాయి, పంట రాలేదు, గోడౌన్ ఖాళీ అయింది. కరువు వల్ల మనోవిజ్ఞానానికి జరిగిన మేలు అదొక్కటే.

గోడౌన్ అప్పగించిన రోజు దాని యజమాని నాగేశ్వర శెట్టికి మైకిచ్చారు. పదిమందిలో నోరు విప్పి ఎరగడు. చూస్తే, ఎదురుగా జయచంద్రగారు కునుకు తీస్తున్నారు.

"నేను గోడౌన్ ఇస్తాంటే ఈయప్ప నిద్రపోతాండాడు! ఏమప్పా ఇది?" అని మొదలెట్టిన శెట్టి, ఆ ఊపులో తన తాతల కాలం నాటి కరువు నుంచి మొన్నటి పురుగు దాకా అన్నీ చెప్పేసి, చెమట తుడుచుకుని, సంతోషంగా కూర్చున్నాడు.

ఆ దారిన గొర్రెలు తోలుకుపోయే మారెప్ప ఒకరోజు లోపలికి తొంగిచూశాడు.

"అమ్మా, మనసులు యాడ పెట్టినారు?"

"బీరువాలో ఉండాయి. నీది కూడా ఇచ్చిపో" అంది వనజాక్షమ్మ. మళ్లీ ఆ ఛాయలకు రాలేదు మారెప్ప.

ముదిగుబ్బ నుంచి పరిశోధనకొచ్చిన అనుపమకు మాత్రం సారు నిద్రంటే ప్రాణం. నలుగురి చూపు తన మీద పడితే ఆమెకు మాట తడబడేది, 'ప' దగ్గర మరీను. సారు నిద్రపోతుంటే గోడతో మాట్లాడినట్టు ధైర్యంగా మాట్లాడేది. చివర్లో ఆయన ఉలిక్కిపడి లేచి, "బాగుంది. మూడో పట్టిక ఇంకోసారి చూడమ్మా" అనేవారు. చూస్తే తప్పు అక్కడే ఉండేది. మనసుల మీద పీహెచ్‌డీలు చేసినవాళ్లు అంతమంది ఉన్న చోట, ఒక్కరికీ అనుమానం రాలేదు. దైవశక్తి అనుకున్నారు.

ఆర్కైవ్ స్థాపకులిద్దరికీ సన్మానం పెట్టారు. సన్మానపత్రం అనుపమ చదవాలన్నారు.

"నా వల్ల కాదు మేడమ్. హాలు నిండిపోయుండాది."

"నువ్వే చదవల్ల. సారు చెప్పినాడు."

"నేను నోరు తెరిస్తే నిద్రపోతాడు, ఆయనకేం తెలుసు?"

వనజాక్షమ్మ ఆమె వీపు మీద చెయ్యేసి ముందుకు తోసింది.

"ప... ప... ప..."

మొదటి వరుస మెడలు సాచింది. అనుపమకు పారిపోవాలనిపించింది. సరిగ్గా అప్పుడే వేదిక మీద జయచంద్రగారి తల పూలదండలోకి వాలిపోయింది. హాలంతా అటు తిరిగి గొల్లున నవ్వింది. తనను ఎవరూ చూడకపోయేసరికి "ప్రొఫెసర్" అనే మాట దానంతటదే జారి బయటికొచ్చింది. ఆ వెనకే మిగతావీ వచ్చాయి. ఆ జోరులో రెండు కాగితాలు కలిసి తిరిగిపోయిన సంగతి ఆమె గమనించలేదు.

"ఒక పేజీ ఎగిరిపోయిందమ్మా" అన్నారు జయచంద్రగారు కళ్లు మూసుకునే. "వనజాక్షమ్మ చేసినదంతా దాంట్లోనే ఉండాది."

పక్కనున్న మైకు ఆ మాటను హాలు చివరిదాకా మోసింది.

అనుపమ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. "సార్... మీరు నిద్రపోలేదా?"

ఆయన ఒక కన్ను తెరిచారు. "నువ్వు చదువుతాంటే ఎట్ల పోతానమ్మా?"

"మరి ఇన్నాళ్లూ?"

"నన్ను చూసి నవ్వుకునేవాళ్లు నిన్ను చూడరు కదా" అని, దొంగతనం బయటపడినవాడిలా దండ సర్దుకున్నారు.

"నా ఒక్కదానికే తెలుసులే" అంది వనజాక్షమ్మ. "శెట్టప్ప మాట్లాడిన దినం కూడా ఇంతే."

అనుపమ ఆ పేజీ తీసి చదివింది. ఈసారి సారు రెండు కళ్లూ తెరిచి ఆమెనే చూశారు. రెండు చోట్ల మాట ఆగింది. ఆగిన చోట ఆయన చూపూ ఆగింది, తొందరపెట్టలేదు. పేజీ పూర్తయింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.

తర్వాత ముఖ్య అతిథి లేచారు. రాజకీయాల్లో తలపండిన మనిషి. మనసుకు కూడా డ్రిప్ ఇరిగేషన్ కావాలన్నారు. జయచంద్రగారి కళ్లు మూతపడ్డాయి.

"పాపం, ఈయనకీ భయమేమో మేడమ్. సారు సాయం చేస్తాండాడు" అని గుసగుసలాడింది అనుపమ.

అంతలో మైకులోంచి గురక వినిపించింది.

వనజాక్షమ్మ చెవి పెట్టి విని తల అడ్డంగా ఊపింది. "లేదమ్మా, ఇది నిజం నిద్రే."