ఆగవే

ఆ వేసవి మాటెత్తితే టైలరు బాబాయికి ఇప్పటికీ ముందు నవ్వే వస్తుంది. మిగతాదంతా ఆ తర్వాతే. మిషను ముందు కూర్చుని కూర్చుని ఆయాసం ముదిరిందని, కాస్త కొండగాలి పీల్చమన్నాడు డాక్టరు. భార్యనూ, నల్లకుక్క మిరియాన్నీ వెంటబెట్టుకుని పాత కోట ఉన్న ఒక కొండ ఊళ్లో గది తీసుకున్నాడు. అక్కడ ఏ వీధి చూసినా అరిగిన రాతిమెట్లే. మిరియం తోక ఎగరేసుకుంటూ పైకి దూసుకుపోయేది. వెనక ఈయన రొప్పుతూ, "ఆగవే! ఆగవే తల్లీ!" అని వీధి అదిరేలా అరిచేవాడు.

వారం తిరిగేసరికి రొట్టెల కొట్టావిడ లోపలినుంచే, "ఆగవే! ఇలా రా, రొట్టెముక్క పెడతాను" అని పిలిచింది. ఊరంతా అదే దాని పేరనుకుంది! రొట్టె రుచి మరిగిన కుక్క కూడా అలాగే అనుకుంది. ఇక ఆగమంటే చాలు, పరిగెత్తుకొచ్చి మీద పడేది.

"భలే నేర్పారండీ కుక్కకి!" అని భార్య పడిపడి నవ్వేది.

ఏళ్లు గడిచాక మిరియం ముసలిదైపోయింది. బాబాయి గుడ్డముక్కలతో కుట్టిన బొంత మీద పడుకుని, ఒకనాడు ఎగఊపిరి తీస్తోంది. ఆయన "ఆగవే తల్లీ" అన్నాడు.

అది కళ్లు తెరిచి, ఆయన దగ్గరికి రావడానికి లేవబోయింది.